అమరావతి పట్నం కట్టిందెవరు, తొలుత కాపురమున్నదెవరు: తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణ ఒడ్డున ఉన్న పాత అమరావతి గురించి ఎవరితో మాట్లాడినా మాట తిరిగి తిరిగి అవే అనుమానాల దగ్గరికి వస్తుంది. ఊరు రెండువేల ఏళ్లదా, రెండువందల ఏళ్లదా? కట్టించింది శాతవాహనులా, వాసిరెడ్డి వారా? చెంచుల కథ నిజమేనా? అందుకే ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను. ఏ జవాబు దగ్గర మొదలుపెట్టినా అర్థమయ్యేలా రాశాను కాబట్టి, కావలసినది మాత్రమే చదువుకున్నా ఇబ్బంది లేదు.

## పట్నం పుట్టకముందు

అమరావతి రెండువేల ఏళ్ల ఊరంటారు, రెండువందల ఏళ్ల ఊరనీ అంటారు. ఏది నమ్మాలి?

రెండూ నిజమే, అవి రెండు వేర్వేరు ఊళ్లు కాబట్టి. రెండువేల ఏళ్ల కిందటిది ధాన్యకటకం. దాని కోటగోడల ఆనవాళ్లు అమరావతిని ఆనుకునే ఉన్న ధరణికోటలో ఉన్నాయి. శాతవాహనుల కాలంలో అది పెద్ద నగరం, దాని పక్కనే మహాచైత్యం అనే పెద్ద బౌద్ధస్తూపం. ఇప్పుడు మనం బస్సు దిగే అమరావతి మాత్రం 1790ల మధ్యలో రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తీర్చిన పట్నం. ఈ రెంటికీ నడుమ వందల ఏళ్ల పాటు అమరేశ్వరుడి గుడి ఉంది, గుడిని పట్టుకుని ఒక చిన్న ఊరుంది. మూడు పొరల్నీ ఒకటిగా కలిపేసి మాట్లాడటం వల్లే ఈ గందరగోళమంతా.

ధాన్యకటకంలో మామూలు జనం ఎవరుండేవారో తెలుస్తుందా? రాజుల పేర్లు కాదు నాకు కావలసింది.

తెలుస్తుంది. ఈ ఊరి చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మహాచైత్యానికి రాళ్లు ఇచ్చినవాళ్లు తమ పేర్లు ఆ రాళ్ల మీదే ప్రాకృతంలో చెక్కించుకున్నారు. వాళ్లలో గృహస్థులున్నారు, వర్తకులున్నారు, భిక్షువులు, భిక్షుణులు, ఉపాసికలు ఉన్నారు. రాజుగారి దగ్గర రాతపని చేసే రాజలేఖకుడు ఉన్నాడు. ధాన్యకటకపు నిగమం, అంటే వర్తకుల సంఘం, పేరు కూడా ఉంది.

ఒక్క పలక చూద్దాం. దాని మీద నిండుకుండ, అందులోంచి పైకి వచ్చిన తామరలు. పూర్ణఘటం అంటాం కదా, అదే. ఇచ్చినవాడు విధికుడు. వృత్తి చర్మకారుడు, తోలు పని. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకునని చెప్పుకున్నాడు. ఒక్కడే ఇచ్చినట్టు కాకుండా తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో, చుట్టాలతో కలిసి ఇస్తున్నానని రాయించాడు. కొడుకు పేరు నాగుడు. తండ్రి పేరూ నాగుడే. తాత పేరు మనవడికి పెట్టుకున్నారన్నమాట. మన ఇళ్లలో ఇప్పటికీ చేసేదే.

శాతవాహనులే మహాచైత్యం కట్టించారా?

మొదలుపెట్టింది వాళ్లు కాదు, అంతకుముందు నుంచీ ఉంది. వాళ్ల కాలంలో పెరిగింది, చెక్కడాలతో నిండింది. వాసిష్ఠీపుత్ర పుళుమావి పేరున్న శాసనం అక్కడ దొరికింది. అయినా రాళ్ల మీదున్న దాతల పేర్లు చూస్తే ఇది ఒక్క రాజు కట్టించిన కట్టడంలా కనిపించదు. ఊరూవాడా కలిసి, తలా ఒక పలక వేసుకుని నిలబెట్టిన పని ఇది.

ఆ తర్వాత ఊరు పూర్తిగా పాడుపడిందా?

లేదు, పలచబడింది. 7వ శతాబ్దంలో ఈ ప్రాంతానికి వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ బౌద్ధ ఆరామాలు చాలావరకు పాడుపడి ఉన్నాయని రాశాడు. 12, 13 శతాబ్దాల్లో ధరణికోట నుంచి కోట వంశపు రాజులు ఏలారు. వాళ్లలో కేతరాజు 1182లో వేయించిన శాసనం అమరేశ్వరుడి గుడిలో ఉంది. చిత్రమేమిటంటే, శివుడి గుడిలో ఉన్న ఆ శాసనంలో బుద్ధుడికి ఇచ్చిన ఊళ్లు, అఖండ దీపాల ప్రస్తావన ఉంటుంది. 1344 నాటి సింహళ శాసనం ఒకటి, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో బుద్ధమందిరాన్ని బాగు చేయించాడని చెబుతోంది. అంటే అప్పటికి కూడా సముద్రం దాటి వచ్చి బాగు చేయించేవాళ్లు ఉన్నారు.

ధరణికోటను ఒక రాణి ఏలిందంటారు, ఎవరావిడ?

గణపాంబ. కాకతి గణపతిదేవుడి కూతురు, కోట బేతరాజు భార్య. భర్త పోయాక 13వ శతాబ్దంలో ఈ సీమను తానే ఏలింది. యనమదల శాసనం ఆమెదే. రుద్రమదేవి గురించి తెలియని తెలుగువాడుండడు. ఈమె పేరు మాత్రం ధరణికోట పొలిమేర దాటి పెద్దగా వినిపించదు, అన్యాయమే.

అమరేశ్వరుడి గుడి కూడా వాసిరెడ్డి వారే కట్టించారా?

కాదు, వేంకటాద్రి నాయుడు బాగు చేయించి, పెంచి, వైభవం తెచ్చారు. గుడి అంతకంటే చాలా పాతది, పంచారామాల్లో ఒకటి. శ్రీకృష్ణదేవరాయలు 1515లో ఇక్కడ తన ఎత్తు బంగారం తూచి ఇచ్చే తులాపురుష దానం చేసినట్టు శాసనం ఉంది. లింగం తెల్లగా, దాదాపు 15 అడుగుల ఎత్తు ఉంటుంది. అభిషేకం చేయాలంటే అర్చకులు పైఅంతస్తు ఎక్కాలి. లింగం పెరుగుతూ పోతుంటే నెత్తిన మేకు కొట్టి ఆపారని, అప్పుడు కారిన నెత్తుటి చారిక ఇంకా ఉందని చూపిస్తారు. దర్శనానికి వెళితే ఈ కథ వినకుండా బయటికి రాలేరు.

## పట్నం పుట్టుక

వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు ఎవరు?

1761లో పుట్టి 1816లో పోయిన జమీందారు. కృష్ణకు ఇటూ అటూ వందల ఊళ్ల మీద అధికారం ఉన్న కుటుంబం. మన్నె సుల్తాన్ బహదూర్ అనేది వాళ్ల బిరుదు. ఆయన కాలం సరిగ్గా సంధికాలం. గుంటూరు సర్కారు నిజాం నుంచి 1788లో కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి వచ్చింది, 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చింది. అంతవరకు సొంత సైన్యంతో చిన్న రాజులా బతికినవాళ్లు ఆ తర్వాత కిస్తీలు కట్టే జమీందార్లయ్యారు. ఆయన దానధర్మాలను, గోపురాలను, పట్నాన్ని ఈ మార్పు ముందు పెట్టి చూడాలని నా అభిప్రాయం. కత్తితో చూపించుకోవలసిన దర్జా రాతితో చూపించుకోవలసి వచ్చిన తరం అది.

అంతకుముందు ఎక్కడుండేవారు? అక్కడి నుంచి ఎందుకొచ్చేశారు?

చింతపల్లిలో. అదీ కృష్ణ ఒడ్డునే, అమరావతికి ఎగువన. ఎందుకొచ్చారనేదానికి జనం చెప్పేది పాపపరిహారం కథ, చెంచులను చంపించిన దోషం పోగొట్టుకోవడానికి అమరేశ్వరుణ్ణి ఆశ్రయించాడని. భక్తిని కాదనలేం, ఆయన చేసిన గుడి పనులే సాక్ష్యం. కానీ భక్తి కోసమైతే గుడి బాగు చేయిస్తే చాలు, బజార్లు తీర్చి వర్తకులను పిలిపించనక్కర్లేదు. కొత్త రాజధాని కావాలనే కోరిక కూడా బలంగానే ఉందని ఆయన చేసిన పనులే చెబుతున్నాయి.

చెంచులను భోజనానికి పిలిచి నరికించిన కథ నిజమా?

కథ ఇది. చెంచులు ఊళ్ల మీద పడి దోచుకుంటున్నారని రాజు వాళ్లను విందుకు పిలిచాడు, వచ్చినవాళ్లను వచ్చినట్టు నరికించాడు. ఆనాటి నుంచి ఆయన విస్తట్లో అన్నం పురుగుల్లా కనిపించేది. చివరికి అమరేశ్వరుడి సన్నిధికి చేరాక మనసు కుదుటపడింది. నరికిన చోటే నరుకుళ్లపాడు అంటారు, ఆ ఊరు అమరావతి మండలంలోనే ఉంది.

చంపిన సంఖ్య చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది, నూటయాభై నుంచి ఆరువందల దాకా. ఊరి పేరును సాక్ష్యంగా చూపడం మాత్రం కాస్త జాగ్రత్తగా ఒప్పుకోవాలి. పేరును బట్టి కథ పుట్టడం మన ఊళ్లలో కొత్త కాదు. అలాగని కొట్టిపారేయలేను. తమ ఊరు కట్టించిన రాజును పొగిడే జనమే ఆయన చేసిన ఘోరాన్ని కూడా తరతరాలుగా చెప్పుకుంటూ వస్తున్నారు. ఊరికే పొగడాలనుకునేవాళ్లు ఇలాంటి కథ మోసుకు తిరగరు.

పట్నానికి మొదట వచ్చి స్థిరపడినవాళ్లెవరు?

వర్తకులు. బయటి ఊళ్ల నుంచి కోమట్లను పిలిపించి, ఇళ్ల స్థలాలు, కట్టుకోవడానికి కావలసిన సామాను ఇచ్చి కూర్చోబెట్టారు. పట్నం అంటే ముందు అంగడి ఉండాలి కదా. ఇక గుడిని నమ్ముకున్న అర్చక కుటుంబాలు, దివాణాన్ని నమ్ముకున్న ఉద్యోగులు, పండితులు. రాళ్లు మోసినవాళ్లు, సున్నం కాల్చినవాళ్లు, గోడలు లేపినవాళ్లు కూడా తొలి నివాసులే. వాళ్లలో ఒక్కరి పేరూ మిగల్లేదు. రెండువేల ఏళ్ల కిందటి చర్మకారుడి పేరు దొరికి, రెండువందల ఏళ్ల కిందటి తాపీమేస్త్రి పేరు దొరక్కపోవడం ఈ ఊరి తమాషా.

ఆస్థాన కవులు ఉండేవారా?

ఉండేవారు. వాళ్లలో చెప్పుకోవలసిన పేరు ములుగు పాపయారాధ్యులు. దేవీభాగవతాన్ని తెలుగు చేసిన కవి. వేంకటాద్రి నాయుడి ఆదరణలో ఉన్నారు.

రాజుగారి మేడ ఎలా ఉండేది?

రాగిరేకులు తాపించిన మేడ అని చెప్పుకుంటారు. ఎండ పడితే నది అవతలికి కూడా మెరిసేదేమో, అది నా ఊహ. రాగికి ధర పలుకుతుంది కాబట్టి, ఆస్తి చెదిరినప్పుడు ముందుగా ఊడేది కూడా అదే.

అమరావతి కాక ఇంకేం కట్టించారు?

మంగళగిరి నరసింహస్వామి గుడి గాలిగోపురం. 1807–09లో లేచింది, 11 అంతస్తులు, 153 అడుగులు. కట్టాక ఒక పక్కకు ఒరిగితే ఎదురుగా కోనేరు తవ్వించారని, దాంతో సరిగ్గా నిలబడిందని చెబుతారు. చేబ్రోలులో కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి కూడా ఆయనదే. బ్రహ్మకు గుడి ఉండటమే అరుదు.

## దీపాలదిన్నె రాళ్లు

పట్నం కట్టడానికి బౌద్ధస్తూపాన్ని తవ్వేశారన్నది నిజమేనా?

నిజం. అప్పటికి అది స్తూపమని ఊళ్లో ఎవరికీ తెలియదు. దీపాలదిన్నె అనేవారు, పెద్ద మట్టిదిబ్బ. కొత్త ఇళ్లకు ఇటుక, రాయి కావలసి వచ్చి ధరణికోట గోడలనూ ఈ దిబ్బనూ తవ్వారు. చెక్కిన పలకలు బయటపడ్డాయి. కొన్ని గోడల్లోకి, కొన్ని మెట్లలోకి పోయాయి, కొన్ని సున్నం బట్టీల్లో కాలిపోయాయి. పలకలు చూడటానికి పాలరాయిలా ఉన్నా నిజానికి పలనాటి సున్నపురాయి. కాలిస్తే మంచి సున్నం అవుతుంది. వాటి కర్మ అదే.

దిబ్బ పేరు చూడండి, దీపాలదిన్నె. బుద్ధుడికి అఖండ దీపాలు పెట్టించిన శాసనం ఈ ఊళ్లోనే ఉంది. దేవుడెవరో మరిచిపోయినా దీపాలు మాత్రం జనానికి గుర్తున్నాయేమో. రుజువు చేయలేను, కానీ తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు గగుర్పొడుస్తుంది.

మెకంజీ దొర పాత్ర ఏమిటి? ఆయనే కనిపెట్టాడా?

కాలిన్ మెకంజీ కుంపిణీ సైన్యంలో సర్వే చేసే ఇంజనీరు. 1797లో అమరావతికి వచ్చేసరికే రాజుగారి మనుషులు తవ్వేస్తున్నారు. కాబట్టి ముందు చూసింది తవ్వినవాళ్లే, విలువ గుర్తించి రాసి పెట్టింది ఆయన. 1816లో మళ్లీ బొమ్మలు గీసేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పటికి దిబ్బ నడిబొడ్డును చెరువుగా తవ్వేశారు. ఆ బృందం గీసిన బొమ్మల పుస్తకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. పోయిన పలకలు కొన్ని ఎలా ఉండేవో ఆ బొమ్మల్లోనే చూడాలి. మెకంజీ వెనక పనిచేసిన తెలుగువాళ్లను కూడా తలుచుకోవాలి: ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. భాష తెలిసి, ఊళ్లలో అడిగి, రాయించింది వాళ్లు.

అయితే స్తూపం పోవడానికి తప్పంతా రాజుదేనా?

మొదటి గడ్డపార ఆయనది, ఆఖరిది కాదు. ఒక కలెక్టరు కొన్ని పలకలు మచిలీపట్నం తరలించి బజారు అలంకారానికి వాడాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసుకు పంపాడు, వాటిలో చాలావాటిని 1859లో లండన్‌కు ఓడ ఎక్కించారు. 1877లో రాబర్ట్ సూయెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ హుకుంతో దిబ్బ మొత్తం ఊడ్చిపెట్టేశారు. ఆ తర్వాత వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు మిగిలింది గుంట. రాజుకు అది ఏమిటో తెలియదు. 1880లో తవ్వించినవాళ్లకు తెలుసు. తూకం వేయమంటే నేను రెండోదాన్నే బరువంటాను.

ఆ పలకలు ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు?

మూడు చోట్ల ముఖ్యంగా. అమరావతిలోనే పురావస్తు శాఖ మ్యూజియం, చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం, లండన్ బ్రిటిష్ మ్యూజియం. స్తూపం ఉన్న చోట మిగిలింది గుండ్రటి దిమ్మె, చుట్టూ నిలబెట్టిన కొన్ని రాళ్లు. పెద్ద కట్టడం చూద్దామని వెళ్లినవాళ్లు నిరాశపడతారు. ముందు మ్యూజియం చూసి తర్వాత అక్కడికి వెళ్లండి.

## రాజు పోయాక

ఆయన తర్వాత పట్నం ఎందుకు చిన్నబోయింది?

రాజుతో వచ్చిన పట్నం రాజుతోనే సన్నగిల్లింది. ఆయనకు కడుపున పిల్లలు లేరు. జగన్నాథబాబును దత్తత చేసుకున్నారు, ఆయన ఉండగానే రామనాథబాబును కూడా చేసుకున్నారు. 1816లో రాజు పోగానే ఆస్తి ఎవరిదనే తగాదా మొదలైంది. అది జిల్లా కోర్టు దాటి, మద్రాసు దాటి, లండన్‌లో అప్పటి ఆఖరి న్యాయస్థానం ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి 1840ల్లో తేలింది. మొదటి దత్తుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని తీర్పు. రంగమ్మ–అచ్చమ్మ కేసుగా హిందూ న్యాయం చదివినవాళ్లకు ఇప్పటికీ ఇది పరిచయమే. తీర్పు వచ్చేసరికి పంచుకోవడానికి మిగిలింది తక్కువ. శిస్తు బకాయిల కింద జమీ కుంపిణీ చేతికి పోయింది. దివాణం లేని చోట దివాణాన్ని నమ్ముకున్న వర్తకుడు ఎన్నాళ్లుంటాడు?

రాజధాని అమరావతి, ఈ అమరావతి ఒకటేనా?

కాదు. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది ఉద్దండరాయునిపాలెంలో. రాజధాని ప్రాంతం తుళ్లూరు చుట్టుపక్కల గ్రామాలది. పేరు ఇక్కడి నుంచి వెళ్లింది. పాత అమరావతి 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పంచారామం, స్తూపం చూడాలనుకుంటే బస్సు ఎక్కేటప్పుడు ఏ అమరావతో అడిగి ఎక్కండి.

మా పూర్వీకులకు వాసిరెడ్డి వారు ఈనాం ఇచ్చారని ఇంట్లో చెబుతారు. ఎలా తేల్చుకోవాలి?

రెండు దారులున్నాయి. ఒకటి కైఫీయత్తులు. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల నోట, కవిలెల (ఊరి లెక్కల పుస్తకాల) నుంచి రాయించిన స్థానిక చరిత్రలు. ఊరు ఎప్పుడు కట్టారు, ఎవరెవరికి ఏం ఇచ్చారు అనేవి వాటిలో దొరుకుతాయి. ప్రతులు చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తకాల గ్రంథాలయంలో ఉన్నాయి, కొన్ని అచ్చయ్యాయి కూడా.

రెండోది, నా అనుభవంలో ఎక్కువ పనికొచ్చేది, ఈనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో ఏర్పడిన ఈనాం కమిషన్ ఊరి వారీగా ప్రతి ఈనామునూ విచారించి రాసింది. భూమి ఎంత, దేని కోసం ఇచ్చింది, అనుభవిస్తున్నది ఎవరు అన్నవాటితోపాటు ఎవరు ఇచ్చారు, ఏ సంవత్సరంలో ఇచ్చారు అని ఒక గడి ఉంటుంది. అడిగేటప్పుడు ఇంటిపేరు చెబితే లాభం లేదు, ఊరి పేరు, పాత తాలూకా పేరు చెప్పాలి. పుట తీశాక ఆ గడి చూడండి. అక్కడ వేంకటాద్రి నాయుడి పేరుంటే మీ ఇంట్లో చెప్పేది నిజం. అంతకంటే పాత పేరు కనిపిస్తే, మీవాళ్లు పట్నం కంటే ముందే ఇక్కడున్నారు.